గొలుసు మీద ఆరు అక్షరాలు: నా అనుభవం

పెళ్లి ఇంకా ఐదు వారాలుందనగా మా అమ్మాయికి మూడు కాసుల గొలుసు కొన్నాం. మా అత్తగారి కాలం నుంచి వెళ్తున్న కొట్టే. 24 గ్రాములు, 22 క్యారెట్లు, హాల్‌మార్క్ ఉంది, బిల్లు ఇచ్చారు, కుంకుమ బొట్టు పెట్టిన డబ్బాలో పెట్టి చేతికిచ్చారు, ఇంకేం కావాలి అనుకుని ఇంటికొచ్చేశాం.

రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోన్‌లో బీఐఎస్ (హాల్‌మార్క్‌ని చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ తెరిచి "అమ్మా, నంబర్ చదువు" అంది. కొక్కెం పక్కన గోరులో సగం కూడా లేని రేకు ఉంటుంది కదా, దాని మీద మూడు గుర్తులు వరసగా ఉన్నాయి: త్రికోణం లాంటి బీఐఎస్ గుర్తు, తర్వాత 22కె916 (అంటే 22 క్యారెట్లు, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం), ఆ తర్వాత అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన ఆరక్షరాల నంబరు. కంటికి ఆనడం లేదు. భూతద్దం తెచ్చి ట్యూబ్‌లైటు కింద పెట్టి చదివితే ఒకసారి 8 లాగా, ఒకసారి బి లాగా కనిపించింది. 8 కొడితే వివరాలు లేవంది. బి కొడితే వచ్చాయి. క్యారెట్లు 22 అనే ఉంది. వస్తువు అన్న చోట మాత్రం ఉంగరం అని ఉంది. అమ్మిన కొట్టు పేరు మాది కాదు, ఊరు కూడా మాది కాదు.

నాలుగుసార్లు కొట్టి చూశాం. అదే ఉంగరం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ నంబరు సంగతి చాలామందికి సరిగ్గా తెలియదు కాబట్టి కాస్త చెప్తాను. బంగారానికి హాల్‌మార్క్ 2000లోనే వచ్చింది, కానీ వేయించుకోవాలా వద్దా అన్నది కొట్టువాళ్ల ఇష్టంగా ఉండేది. 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. ఆ జులై నుంచి ప్రతి నగకీ విడిగా ఒక నంబరు మొదలైంది, దాన్నే హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది, ముక్కుపుడక లాంటివన్నమాట. మా పెళ్లిళ్ల రోజుల్లో కె.డి.ఎం. అంటే చాలు, మేలిమి బంగారం అని నమ్మేవాళ్లం. నిజానికి అది కాడ్మియంతో అతుకు వేయడం, ఆ పొగ పీల్చి కంసాలుల ఊపిరితిత్తులు పాడయ్యేవి, అందుకే వద్దన్నారు. ఉత్త 916 ముద్ర ఎవరైనా కొట్టేయొచ్చు. హెచ్‌యూఐడీ బలమల్లా ఒక నగకు ఒకటే నంబరు కావడంలో ఉంది. అయితే వేరేవాళ్ల నగ మీది అసలు నంబరును తెచ్చి ఇంకోదాని మీద చెక్కితే యాప్ చక్కగా 22 క్యారెట్లు అనే చూపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. వస్తువు పేరు, కొట్టు పేరు, హాల్‌మార్క్ వేసిన సెంటర్, తేదీ, ఇవన్నీ కూడా చదవాలి. మాకు దొంగతనం దొరికింది ఆ "ఉంగరం" అన్న ఒక్క మాట దగ్గరే.

మర్నాడు కొట్టుకి వెళ్లాం. "సిస్టమ్‌లో తప్పు పడుంటుందమ్మా, ఇన్నేళ్లుగా వస్తున్నారు, మీకు మోసం చేస్తామా?" అన్నాడు ఓనరు. ఆ మాటకి మా ఆయన మెత్తబడ్డారు, నేను పడలేదు. గొలుసు ఇచ్చి వెళ్తే రెండు రోజుల్లో కొత్త నంబరు వేయించి పెడతానన్నాడు. ఇవ్వలేదు. దయచేసి ఎవరూ ఇవ్వొద్దు, ఎందుకంటే మన చేతిలో ఉన్న సాక్ష్యం ఆ నగ ఒక్కటే. రేకు ఫొటో, యాప్‌లో వచ్చిన వివరాల స్క్రీన్‌షాట్, బిల్లు ఫొటో ముందే తీసి పెట్టుకున్నాం. బిల్లులో నికర బరువు, క్యారెట్లు, హాల్‌మార్క్ చార్జీ విడివిడిగా రాసి ఉండటం తర్వాత చాలా పనికొచ్చింది.

అక్కడి నుంచి విజయవాడలో బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్క్ సెంటర్‌కి వెళ్లాం. మామూలు జనం కూడా తమ నగ తీసుకెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు, కొట్టువాళ్లే వెళ్లాలని లేదు. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, పైన జీఎస్టీ. మాది ఒక్కటే అయినా అంతే తీసుకున్నారు. మా ఎదురుగానే తూచి రసీదు ఇచ్చారు. తర్వాత గొలుసును మైక్రోవేవ్ ఓవెన్ అంత పెట్టెలో పెట్టి ఎక్స్‌రేలతో చూశారు. రేకు దగ్గర 917 వచ్చింది. గొలుసు లంకెల దగ్గర వేర్వేరు చోట్ల చూస్తే 850 దాటలేదు. అంటే రేకు మంచి బంగారమే, దాన్ని తక్కువ రకం గొలుసుకు అతికించారు. "ఇది పైపైన చూసేదమ్మా, ఖాయంగా తేలాలంటే కొంచెం కోసి కాల్చాలి, ఒప్పుకుంటారా?" అని అక్కడి కుర్రాడు అడిగాడు. పెళ్లి గొలుసుని కోయడమా అని ఒక్క క్షణం ఆగి, సంతకం పెట్టాను.

గాజు తలుపు బయట నిలబడి చూశాను. చిన్న ముక్క కోసి, తూచి, దానికి కొంచెం వెండి కలిపి, సీసం రేకులో ఉండలా చుట్టి, చిన్న మూసలో పెట్టి కొలిమిలోకి తోశాడు. సీసం కరిగి రాగిని కూడా తనతో పట్టుకుని ఆ మూసలోకే ఇంకిపోతుందట. చివరికి ఆవగింజంత పూస మిగిలింది. దాన్ని సాగగొట్టి, చుట్ట చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి ఉత్త బంగారమే మిగులుతుంది, దాన్ని తూచి లెక్క కడతారు. మా నాన్నకి తెలిసిన పరీక్ష గీటురాయి ఒక్కటే. ఇలాంటిది ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవారో.

రిపోర్టు 842. ఉండాల్సింది 916. 24 గ్రాముల మీద దాదాపు 1.78 గ్రాముల మేలిమి బంగారం లోటు. బీఐఎస్ 2018 నిబంధనల్లో 49వది ఏం చెప్తుందంటే, చెప్పినదానికన్నా స్వచ్ఛత తక్కువ వస్తే ఆ లోటు విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా అమ్మినవాడే కట్టాలి. ఆ సాయంత్రమే యాప్‌లో కంప్లైంట్ పెట్టాం, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేశాం. కంప్లైంట్ నంబరు, రిపోర్టు కాపీ కొట్టుకి పంపాం. పెళ్లి పనులు ఒకపక్క, ఈ టెన్షన్ ఒకపక్క, ఇంట్లో రోజూ ఇదే మాట.

తొమ్మిదో రోజు కొట్టువాళ్లే ఫోన్ చేశారు. గొలుసు వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు, లోటుకు రెండింతలు, పరీక్ష ఖర్చు ఇచ్చారు. కంప్లైంట్ వెనక్కి తీసుకోమని మాత్రం చాలా బతిమాలారు. తీసుకోలేదు. ఆ నంబరు అసలు ఎక్కడో ఎవరిదో ఉంగరం మీద ఉంది, వాళ్లకి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. మాలాగే ఆ కొట్లో ఇంకెంతమంది కొన్నారో.

పెళ్లికి పది రోజుల ముందు వేరే కొట్లో ఇంకో మూడు కాసుల గొలుసు చూశాం. డబ్బు కట్టకముందే భూతద్దం అడిగాను. కౌంటరు దగ్గర అబ్బాయి ఏమీ అనుకోకుండా తీసి ఇచ్చి, తనే ఒక్కో అక్షరం పైకి చదివాడు, మా అమ్మాయి యాప్‌లో కొట్టింది. గొలుసు, 22 క్యారెట్లు, అదే కొట్టు పేరు, నెల కిందటి తేదీ. అప్పుడు మా ఆయన కార్డు బయటికి తీశారు.