లాకర్ రూంలో నవ్వేసి ఊరుకునే పిల్లాడు

ఆగస్టు వచ్చిందంటే న్యూజెర్సీలోనైనా టెక్సస్‌లోనైనా హైస్కూళ్లలో ఫుట్‌బాల్ ప్రాక్టీసు మొదలవుతుంది. ఇది మనకు తెలిసిన కాలిబంతి కాదు, హెల్మెట్లూ షోల్డర్ ప్యాడ్లూ కట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఆట. ఈ టీముల జాబితాల్లో ఇప్పుడు తెలుగు ఇంటిపేర్లూ కనిపిస్తున్నాయి. తొమ్మిదో క్లాసు పిల్లాడు టీములో చేరితే ఇంట్లోవాళ్లు మోకాలి గురించీ తల గురించీ బెంగపడతారు. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బట్టలు మార్చుకునే ఆ పావుగంట, కోచ్ కంటికి కనపడని పావుగంట, ఎవరికీ గుర్తురాదు. పిల్లాడి మనసుకు దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

‘మానసిక దృఢత్వం’ అన్న మాట ఈ ఆటలో ప్రతి కోచ్ నోటా వినపడుతుంది. అది మనకూ నచ్చుతుంది. ‘తట్టుకోవాలి, సర్దుకుపోవాలి’ అని పెరిగినవాళ్లం కదా. ఆ మాట ఎక్కడ మోసం చేస్తుందో తెలియాలంటే, ఈ ఆటలో అన్నిటికంటే పైమెట్టయిన ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, మయామీ డాల్ఫిన్స్ అనే టీములో జరిగిన వ్యవహారాన్ని తల్లిదండ్రులు ఒకసారి చదవాలి.

జోనథన్ మార్టిన్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టీములో ఆడి, 2012లో లీగ్ కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ రెండో రౌండులో డాల్ఫిన్స్‌కు ఎంపికయ్యాడు. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, మూడు వందల పౌండ్లకు పైగా బరువు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా అడ్డుగోడలా నిలబడే అఫెన్సివ్ లైన్‌లో అతని స్థానం. అమ్మా నాన్నా ఇద్దరూ హార్వర్డ్‌లో చదువుకున్నవాళ్లు. 2013 అక్టోబరు 28న టీము భోజనశాలలో అతను ట్రే పట్టుకుని వచ్చి కూర్చోగానే, బల్ల దగ్గరున్న తోటి లైన్‌మెన్ అందరూ లేచి వెళ్లిపోయారు. అతను ట్రే విసిరేసి బయటికి నడిచాడు, మళ్లీ ఆ టీముకు ఆడలేదు. వారం తిరగకముందే సీనియర్ లైన్‌మన్ రిచీ ఇన్‌కాగ్నిటోను టీము సస్పెండ్ చేసింది. లీగ్ నియమించిన లాయరు టెడ్ వెల్స్ 144 పేజీల నివేదిక 2014 ఫిబ్రవరి 14న బయటికొచ్చింది. ఇన్‌కాగ్నిటో, మైక్ పౌన్సీ, జాన్ జెర్రీ కలిసి మార్టిన్‌నూ, ఇంకో కుర్ర లైన్‌మన్‌నూ, జపాన్‌లో పుట్టిన ఒక అసిస్టెంట్ ట్రైనర్‌నూ పదేపదే వేధించారని అందులో తేల్చారు. అయిదు రోజులకే లైన్ కోచ్‌నూ హెడ్ ట్రైనర్‌నూ టీము తీసేసింది.

ఆ నివేదికలో ఇళ్లకు తీసుకువెళ్లాల్సిన సంగతులు మూడున్నాయి. మొదటిది: మార్టిన్ సోదరి గురించీ తల్లి గురించీ బూతులు, రంగు గురించి తిట్లు నెలల తరబడి సాగాయి. అతను నవ్వేసి ఊరుకునేవాడు. పైగా తనను తిట్టేవాడితోనే స్నేహం చేస్తే తగ్గుతాడేమోనని చూశాడు. వాళ్లిద్దరి మధ్యా సరదా మెసేజీలు వేలల్లో ఉన్నాయి, వాటిని చూసి ‘మరి స్నేహితులేగా’ అన్నవాళ్లూ ఉన్నారు. స్నేహం ఉన్నంత మాత్రాన వేధింపు లేనట్టు కాదని నివేదిక చెప్పింది.

రెండోది జరిమానాల పుస్తకం. తప్పు చేసిన లైన్‌మన్ డబ్బు కట్టాలి, దాన్ని ఒక పుస్తకంలో రాస్తారు. మార్టిన్‌ను ‘విరిచినందుకు’, అంటే తట్టుకోలేక వెళ్లిపోయేలా చేసినందుకు, ఇన్‌కాగ్నిటో తనకు తానే 200 డాలర్ల జరిమానా అందులో రాసుకున్నాడు. లోపలి మాట బయటపెట్టేవాణ్ణి ‘జూడాస్’ (నమ్మకద్రోహి) అనేవారు, దానికీ జరిమానా ఉండేది. మీ అబ్బాయి టీములో పుస్తకం ఉండకపోవచ్చు, గ్రూప్ చాట్ మాత్రం ఉంటుంది. ‘స్నిచ్’ (చాడీలు చెప్పేవాడు) అన్న మాటా ఉంటుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. తోటివాళ్లు ఏం చేస్తున్నారో మార్టిన్ కోచ్‌లకు చెప్పలేదు, అమ్మానాన్నలకు మెసేజీల్లో చెప్పుకున్నాడు. ఎదురు నిలబడలేకపోవడం తన లోపమేనని తననే నిందించుకుంటూ రాశాడు. ‘టీము వదిలేశాక కథ అల్లాడు’ అన్న వాదనను కొట్టిపారేయడానికి విచారణలో పనికొచ్చినవి ఆ నెలల కిందటి మెసేజీలే. ఆ తర్వాత మార్టిన్ మాత్రం ‘నన్ను బుల్లీ చేశారు’ అన్న మాటనే తనకు అంటించుకోవడానికి ఒప్పుకోలేదు. ఆరడుగుల మనిషే ఆ మాట ఒప్పుకోలేకపోతే పద్నాలుగేళ్లవాడు ఒప్పుకుంటాడా? అందుకే ఇంట్లో ఆ పేరు కోసం పట్టుబట్టకండి. ఏం జరిగింది, ఎవరేమన్నారు, అప్పుడు పక్కనెవరున్నారు, ఇవి తెలిస్తే చాలు. పేరు పెట్టే పని స్కూలుది.

ఇక్కడ మన తరానికున్న ఒక జ్ఞాపకం అడ్డొస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ర్యాగింగ్ దాటుకొచ్చిన నాన్నలు మనలో చాలామంది. ‘మొదటి నెల ఏడిపించారు, ఫ్రెషర్స్ డే తర్వాత ఆ సీనియర్లే నోట్సులిచ్చారు’ అన్న కథ ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. అలా నోట్సులు అందుకున్నవాళ్లే ఆ కథ చెప్పగలరు. అందుకోలేక సంచి సర్దుకుని ఊరెళ్లిపోయినవాళ్ల కథ ఎవరూ చెప్పరు. ఆ బాధ అంత ముదిరింది కాబట్టే ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ‘మాకూ చేశారు, ఏమైంది?’ అన్న నాన్న మాట విన్న పిల్లాడు మళ్లీ నోరు విప్పడు.

టీములో కష్టపెట్టేదంతా వేధింపు కాదు. కొత్తవాళ్లు కోన్లు, వాటర్ కూలర్లు మోయడం రివాజు. ప్రొఫెషనల్ టీముల్లో అయితే సీనియర్ల ప్యాడ్లు మోయాలి, లేదంటే విందు బిల్లు కట్టాలి. 2010లో డాలస్ కౌబాయ్స్ టీములో కొత్తగా చేరిన డెజ్ బ్రయంట్ ప్యాడ్లు మోయనన్నాడు. ఆ తర్వాత అతని మీద పడ్డ విందు బిల్లు దాదాపు 55 వేల డాలర్లు. కోచ్ గొంతు చించుకుని ‘నీ పాదం ఎక్కడుంది, తుంటి కిందికి దించు’ అని అరిచినా అది ఆట గురించే. తేడా పట్టుకోవడానికి పిల్లాణ్ణి ఇవి అడగండి. ఆ మాట నీ ఆట మీదా, నీ అమ్మ మీదా, రంగు మీదా, తిండి మీదా? కొత్తవాళ్లందరికీ ఆ పని పడుతోందా, నీకొక్కడికేనా? ‘నేను చెయ్యను’ అంటే ఏమవుతుంది? కాదన్నందుకు శిక్ష ఉంటే అది రివాజు కాదు. టీముల్లో కొత్తవాళ్లను ఏడిపించడాన్ని (హేజింగ్) నిషేధించే టెక్సస్ చట్టం ప్రకారం ‘వాడే ఒప్పుకున్నాడు’ అన్న వాదన చెల్లదు.

పిల్లాడు నోటితో చెప్పకపోయినా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. చెమట బట్టలతోనే, ప్యాడ్లతోనే కారెక్కి ఇంటికొచ్చి స్నానం చేస్తున్నాడంటే లాకర్ రూంలో ఉండటం ఇష్టం లేదన్నమాట. క్లీట్స్ (ఆట బూట్లు), మౌత్‌గార్డ్ మాటిమాటికీ పోతున్నాయంటాడు. లంచ్ డబ్బా తెరవకుండానే తిరిగొస్తుంది. గేమ్ ముందురోజు సాయంత్రం టీమంతా కలిసి చేసే డిన్నరుకు ‘నాకు వద్దు, అక్కడ వెజ్ ఉండదు’ అంటాడు. వెజ్ లేకపోవడం నిజమే కావచ్చు, అసలు కారణం అది కాకపోవచ్చు. ఒక గుర్తు కనపడగానే కంగారుపడక్కర్లేదు. రెండు మూడు కలిసి రెండు వారాలు కొనసాగితే కూర్చుని మాట్లాడాలి. కూర్చోవడమంటే ఎదురెదురుగా కాదు, కారులో పక్కపక్కన. ‘ఎవరైనా ఏమన్నా అన్నారా, నాన్నా?’ అని అడిగితే ‘లేదు’ అనే అంటాడు. ‘ప్రాక్టీసయ్యాక లాకర్ రూంలో ఎంతసేపుంటారు? ఆ టైంలో కోచ్ ఎక్కడుంటాడు? అందరికంటే ఎక్కువ జోకులు ఎవరి మీద పడతాయి?’ అని అడగండి. చివరి ప్రశ్నకు వేరేవాడి పేరు చెప్పినా శ్రద్ధగా వినండి. ఒక్కోసారి ఆ వేరేవాడు తనే.

ఏం చెయ్యమని చెప్పాలి? ‘పట్టించుకోకు’ అంటే ఒంటరిని చేసినట్టే. ‘తిరిగి నాలుగు తగిలించు’ అంటే ఇంకా నష్టం, చాలా స్కూళ్లలో కొట్లాటలో ఇద్దరికీ సస్పెన్షన్ పడుతుంది, అసలు ఫిర్యాదు ఆ కొట్లాట కింద సమాధి అవుతుంది. నేర్పాల్సింది నవ్వడం మానడం. మొదటిసారి నవ్వితే సరదా అనుకుంటారు, పదోసారి నవ్వితే హక్కు అనుకుంటారు. ముఖంలో నవ్వు లేకుండా, గొంతు పెంచకుండా, ఒకే ఒక్క వాక్యం: ‘మా అమ్మ గురించి మాట్లాడకు.’ ఇంగ్లీషులో అదే నాలుగైదు మాటల్లో. అని, అక్కణ్ణుంచి నడిచి వెళ్లిపోవాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ సాధన లేకపోతే ఆ క్షణంలో నోరు పెగలదు. వంటింట్లో నాన్న ఆ తిట్టేవాడి పాత్ర వేసి పదిసార్లు చేయించాలి. బంతి వదిలాక పాదాలెలా కదలాలో వందసార్లు చేయించే కోచ్‌కున్న ఓపిక మనకూ ఉండాలి.

దాంతో ఆగకపోతే రాతలోకి దిగాలి. ఆ రాత్రే తేదీ, టైము, చోటు, అన్న మాటలు అన్నట్టుగానే, చూసినవాళ్ల పేర్లు రాసి, మీ ఈమెయిలుకు మీరే పంపుకోండి, దాని మీద తేదీ పడుతుంది. బూతు ఉంటే బూతే రాయండి, మర్యాద కోసం మార్చితే దాని బరువు పోతుంది. స్నాప్‌చాట్ లాంటి వాటిలో మెసేజీలు మాయమైపోతాయి కాబట్టి స్క్రీన్‌షాట్ వెంటనే తీయాలి. లాకర్ రూంలో మాత్రం వీడియో తీయమని పిల్లాడికి ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. బట్టలు మార్చుకునేచోట ఫోన్ కెమెరా ఎత్తితే మీ పిల్లాడే దోషి అవుతాడు.

ఎవరికి చెప్పాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ చట్టం ఇందులో చాలా గట్టిది. 2011 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని భాషలో ఇలాంటి వేధింపును హెచ్‌ఐబీ (హరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్) అంటారు. ప్రతి పబ్లిక్ స్కూల్లో ఒక యాంటీ బుల్లీయింగ్ స్పెషలిస్టు ఉండాలి. ఫిర్యాదు చేయడానికి తల్లిదండ్రులకు 338 ఫారం ఉంది. కోచ్‌కు నోటిమాటగా చెప్పినా ఆయన ఆ రోజే ప్రిన్సిపాల్‌కు చెప్పి, రెండు స్కూలు రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక స్కూలు రోజులో విచారణ మొదలవ్వాలి, రాసిచ్చినప్పటి నుంచి పది స్కూలు రోజుల్లో ముగియాలి. ఫలితం స్కూలు జిల్లా అధికారి అయిన సూపరింటెండెంటుకూ, తర్వాతి సమావేశంలో స్కూలు బోర్డుకూ వెళ్తుంది. ఆపైన అయిదు స్కూలు రోజుల్లో మీకు రాతపూర్వకంగా తెలపాలి. నచ్చకపోతే 60 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ కోరవచ్చు.

మనవాళ్ల ఫిర్యాదులు వీగిపోయే ప్రమాదం ఒక చోట ఉంది. ఆ చట్టం కింద నిలబడాలంటే వేధింపుకు రంగు, జాతి, మతం, పుట్టిన దేశం, వైకల్యం లాంటి ఏదో ఒక లక్షణం మూలమని కనపడాలి. ‘మా అబ్బాయిని ఏడిపిస్తున్నారు, చాలా బాధపడుతున్నాడు’ అని రాస్తే ‘పిల్లల మధ్య గొడవ’ అని తేల్చి ఫైలు మూసేయవచ్చు. వాడి పేరును ఎలా వంకర తిప్పారు, కూర వాసన అని ఏమన్నారు, ఏ యాస పెట్టి వెక్కిరించారు, అవన్నీ మాటకు మాట రాయాలి. ఒక్కసారి జరిగినా, అది తగినంత తీవ్రమైనదైతే చట్టానికి చాలు. టెక్సస్‌లో అయితే బుల్లీయింగ్ గురించి స్కూలుకు తెలిసిన మూడో పనిదినానికల్లా బాధిత పిల్లాడి తల్లిదండ్రులకు చెప్పాలి. జాతి, దేశం పేరుతో వేధింపు అయ్యుండి స్కూలు పట్టించుకోకపోతే, 180 రోజుల్లోపు ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. వీసాలో ఉన్నామని వెనకాడేవాళ్లున్నారు. స్కూల్లో ఫిర్యాదుకూ మీ హెచ్1బీకీ సంబంధం లేదు.

ఒంటి మీద చెయ్యి పడితే, ముఖ్యంగా బట్టల విషయంలో, శరీర భాగాల విషయంలో ఏదైనా జరిగితే ఈ ఫారాల కోసం ఆగకండి. డాక్టరు దగ్గరికి, పోలీసు దగ్గరికి అదే రోజు వెళ్లాలి, వేసుకున్న బట్టలు ఉతకకుండా దాచాలి. న్యూజెర్సీలో ఎడిసన్ ఊరికి దగ్గర్లోని సేర్‌విల్‌లో 2014 అక్టోబరులో ఇలాంటి ఆరోపణలతోనే ఏడుగురు హైస్కూలు ఆటగాళ్ల మీద కేసులు పడ్డాయి, ఆ ఏడాది ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దయింది. పిల్లాడు బతకాలని లేదన్నట్టు ఒక్క మాటన్నా ఆత్మహత్య ఆలోచనలున్నవారికి సాయపడే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టినా పలుకుతారు.

విచారణ తర్వాత అవతలి పిల్లాడికి ఏ శిక్ష పడిందో స్కూలు మీకు చెప్పదు, చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. ‘ఏమీ చెయ్యలేదు’ అని వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా పెడితే తప్పు మీ మీదికి తిరుగుతుంది. శిక్ష గురించి కాక, మీ పిల్లాడి గురించి అడగండి: లాకర్ మార్చారా, బస్సులో ఎక్కడ కూర్చోబెడుతున్నారు, బట్టలు మార్చుకునే టైంలో లోపల ఏ కోచ్ ఉంటున్నాడు. అవతలి ఇంటి తలుపు తట్టడం, ఫోన్ చేసి ‘మీవాడికి బుద్ధి చెప్పండి’ అనడం మాత్రం వద్దు.

ఇంకొకటీ అనుకోవాలి. నవ్వుతున్న గుంపులో మన పిల్లాడే ఉండొచ్చు. టీములో చోటు దక్కడానికి కొత్తగా చేరిన ఇంకో దేశం పిల్లాడి యాసను అందరికంటే ముందు వెక్కిరించేది ఒక్కోసారి మనవాడే, ఆ గురి తన మీద నుంచి పక్కకు తప్పుతుంది కాబట్టి. ఫోన్‌లో టీము చాట్ కనపడితే మీవాణ్ణి ఎవరేమన్నారో వెతికినట్టే, మీవాడు ఎవరినేమన్నాడో కూడా వెతకండి. కనపడితే ఆ రాత్రే కోచ్‌కు మీరే మెయిలు రాయండి, పొద్దున అవతలి పిల్లాడి ముందు క్షమాపణ అడిగేది మాత్రం వాడే కావాలి.