ప్రాణమున్న నాచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడగలమా?

విశాఖలోని లాసన్స్ బే సముద్రపు నీళ్లను 20 మైక్రాన్ల వలతో వడకట్టి, వలలో మిగిలినదానిలో ఒక చుక్కను మామూలు మైక్రోస్కోప్ కింద పెడితే, స్కెలెటోనీమా గొలుసులు, కీటోసెరస్ ముళ్లు (రెండూ డయాటమ్‌లు, అంటే సిలికా పెంకు ఉన్న ఏకకణ నాచులు), వాటి మధ్య గిరగిరా తిరిగే డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు కనిపించవచ్చు. ఇదే చుక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ప్రాణంతో చూడలేం. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 24 టార్ (టార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం). మామూలు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లోపల ఉండేది వాక్యూమ్. అందులోకి వెళ్లగానే నీరు మరిగిపోతుంది, కణం ముడుచుకుపోతుంది.

లోపల కొంత ఆవిరిని ఉంచగల ఎన్విరాన్‌మెంటల్ రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో స్టేజిని (శాంపిల్ పెట్టే వేదికను) 2 డిగ్రీలకు చల్లార్చి, ఆవిరిని 5.3 టార్ దగ్గర నిలబెడితే తడి ఆరదు. పీడనం కాస్త జారితే చాలు, సముద్రపు నీరు చిక్కబడి ఉప్పు పేరుకుంటుంది. అయినా తడి వేరు, ప్రాణం వేరు. ఎలక్ట్రాన్ కిరణం నీటిని విడగొట్టి పుట్టించే రాడికల్స్ (దేనితోనైనా చటుక్కున చర్య జరిపే ముక్కలు) కణాన్ని లోపలి నుంచే తినేస్తాయి. చూశాక క్లోరోఫిల్ ఎర్రగా మెరుస్తోంది కదా అని బతికే ఉందనుకోవద్దు, చచ్చిన కణంలోనూ అది కొంతసేపు మెరుస్తుంది. మళ్లీ పోషక ద్రావణంలో వేస్తే విభజన జరగాలి. నమ్మదగ్గ రుజువు అదొక్కటే.

అందుకే కదలిక, రంగు, గొలుసు పొడవు ముందు మామూలు మైక్రోస్కోప్‌లోనే చూసి రాసుకోవాలి. ఆ తర్వాత బతికున్న రూపం చెదరకుండా కణాన్ని ఆపాలి. పని చాలావరకు చెడేది ఈ ఆపడంలోనే. బాటిల్‌ను ఎండలో బండి డిక్కీలో పెట్టి తెస్తే ల్యాబ్‌కి చేరేసరికి సగం కణాలు పాడవుతాయి. ఐస్ మీద నేరుగా పెట్టినా మన వెచ్చటి నీటి జీవులకు దెబ్బే. థర్మోకోల్ పెట్టెలో తడిగుడ్డ చుట్టి తేవడం మేలు. ఇంకా మంచిది ఒడ్డునే ఫిక్స్ చేయడం, అంటే రసాయనంతో కణాన్ని ఉన్న రూపంలోనే నిలిపేయడం: 9 మిల్లీలీటర్ల శాంపిల్‌కి 25 శాతం గ్లుటరాల్డిహైడ్ 1 మిల్లీలీటరు కలిపితే 2.5 శాతం అవుతుంది. గంట నుంచి రెండు గంటలు చాలు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

తర్వాత కడగడం. తొందరపడి నేరుగా డిస్టిల్డ్ వాటర్ పోస్తే పెంకు లేని మెత్తటి కణాలు ఉబ్బి పగులుతాయి. సముద్రపు నీటి మీద నేరుగా ఆల్కహాల్ పోస్తే లవణాలు స్ఫటికాలుగా దిగి, ఫొటోలో నాచు బదులు ఉప్పే కనిపిస్తుంది. వడకట్టిన సముద్రపు నీటిని 75, 50, 25 శాతాలకు పలచన చేస్తూ, ఒక్కోదానిలో 10 నిమిషాలు ఉంచి, చివర డిస్టిల్డ్ వాటర్‌కి రావాలి. సెంట్రిఫ్యూజ్ గట్టిగా తిప్పితే కీటోసెరస్ ముళ్లు విరుగుతాయి, వాటంతట అవే అడుక్కి దిగనివ్వాలి.

ఆ తర్వాత కణంలోని నీటిని తీసేయడానికి ఇథనాల్ 30, 50, 70, 90, 95, చివర 100 శాతంలో మూడుసార్లు. విశాఖ ఉక్కపోతలో తెరిచిన 100 శాతం సీసా వంద శాతంగా ఎక్కువ కాలం ఉండదు, గాలిలోని తేమను లాగేసుకుంటుంది. తేమను పీల్చే 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ గుళికలు వేసి ఉంచాలి. నీరు మిగిలిపోతే కణం ముడుచుకోకుండా ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో ఆరబెట్టే క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్ (31 డిగ్రీలు, సుమారు 74 బార్) కూడా కణాన్ని కాపాడలేదు. ఎండబెట్టిన కణాలను అతికించిన స్టబ్‌ను (చిన్న లోహపు దిమ్మెను) సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లోనే దాచాలి. బంగారు పూత 10 నానోమీటర్లు దాటితే డయాటమ్ పెంకులోని సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. పూత సరిగా అంటకపోతే చార్జింగ్ (శాంపిల్ మీద విద్యుదావేశం పేరుకోవడం) వచ్చి బొమ్మ తెల్లగా మెరిసి జారుతుంది. ఎలక్ట్రాన్ కిరణాన్ని 5 కిలోవోల్టులతో మొదలుపెట్టండి.

పెంకు మాత్రమే కావాలంటే 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాచాలి. ముందు కొన్ని చుక్కలే వేయండి, బురద ఎక్కువుంటే పాలు పొంగినట్టు పొంగుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో, పెద్ద బీకరులో చేయాలి.

స్కెలెటోనీమా విషయంలో ఈ కాచడమే ముప్పు. ఒకప్పుడు స్కెలెటోనీమా కోస్టాటం అని ఒకే పేరుతో పిలిచినదాన్ని 2005 నుంచి అనేక జాతులుగా విడదీశారు. వాటిని గుర్తుపట్టేది రెండు కణాలను కలిపే సన్నటి సిలికా కడ్డీలతో: ఒక కడ్డీ ఎదుటి కణం కడ్డీల్లో ఒకదానికి అతుకుతుందా, రెండింటికా, ఆ గొట్టం మూసి ఉందా, చీలి ఉందా అని చూడాలి. పెరాక్సైడ్‌లో మరిగితే గొలుసు తెగి, ఆ అతుకే పోవచ్చు. కాబట్టి ఫిక్స్ చేసిన శాంపిల్‌లో సగాన్ని పెరాక్సైడ్ తగలకుండా విడిగా ఉంచండి.