కులం మాట ఎత్తితే బాగోదా?

పొలిటికల్ కరెక్ట్‌నెస్, అంటే ఎవరినీ నొప్పించే మాట అనకూడదనే పట్టింపు వల్ల జనం ఉన్నమాట చెప్పలేకపోతున్నారు అని చాలామంది అంటుంటారు, అందులో కొంత నిజం ఉందనే నేనూ అనుకుంటా కానీ వాళ్ళు చెప్పే ఉదాహరణలు మాత్రం నాకు నచ్చవు. చాలాసార్లు వాళ్ళ బాధల్లా ఏంటంటే ఒక కులాన్నో మతాన్నో నోటికొచ్చినట్టు అంటే ఎవరో అడ్డుపడ్డారని. తిట్టొద్దు అన్నంత మాత్రాన ఏ చర్చా ఆగిపోదు. మన దగ్గర చర్చని నిజంగా తొక్కిపెట్టింది ఇంకోరకం మర్యాద, ఆ మాట ఎత్తితే బాగోదులే అనే మర్యాద. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ని అందులోని కులాల గ్రూపులకి విడివిడిగా పంచడం, ఆ సంగతి చూస్తే అది బాగా తెలుస్తుంది.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో వర్గీకరణ కోసం మాదిగల ఉద్యమం, మాదిగ దండోరా, మొదలైంది. వాళ్ళు అడిగింది లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకి 15 శాతం రిజర్వేషన్, లిస్టులో 59 కులాలు, మరి సీట్లూ ఉద్యోగాలూ ఎవరికి ఎన్ని దక్కాయి అని. దానికి ఎక్కువగా వినపడిన జవాబు ఏంటంటే దళితులంతా ఒకటే, ఐక్యత చీల్చొద్దు అని. కారంచేడు, చుండూరుల్లో దళితుల ఊచకోతలు చూసినవాళ్ళకి ఆ ఐక్యత విలువ ఎవరూ చెప్పక్కర్లేదు, అందుకే ఆ మాటకి అంత బరువు. కానీ తరతరాలుగా చెప్పులు కుట్టి డప్పు కొట్టిన ఇళ్ళ పిల్లలు మా వాటా ఎంత అని అడిగితే అది చీల్చడం ఎలా అవుతుంది? పైగా వాళ్ళ ధైర్యం చూడండి, నలుగురిలో చెప్పుకోడానికి భయపడేలా చేసిన కులం పేరుని తీసి సొంత పేరు చివర పెట్టుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు, దండోరా నాయకుడి పేరు మంద కృష్ణ మాదిగ అని చదవాల్సొస్తే మాత్రం చాలామందికి గొంతు తగ్గిపోయేది.

అలాగని వర్గీకరణ వద్దన్న మాలల (ఎస్సీల్లో ఇంకో పెద్ద కులం) వాదనలో పస లేదని నేననను. లెక్కలు పాతవి, కొత్తగా తీయండి అన్నారు, రాజ్యాంగంలోని 341 ఆర్టికల్ ప్రకారం ఎస్సీ లిస్టు జోలికి రాష్ట్రాలు వెళ్ళకూడదు అన్నారు. ఇవి వాదనలు, వీటికి ఎదురు వాదన చెప్పొచ్చు, చెప్పారు కూడా. 2004లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి 6-1 తో వర్గీకరణ చేసుకోవచ్చు అంది.

ఆ తీర్పు వచ్చినప్పుడు మా ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు కొలీగ్స్ దీని గురించే మాట్లాడుకున్నారు, ఒకతను మాదిగ, ఇంకొకాయన మాల. "అన్నా, మా మండలంలో గవర్నమెంటు టీచర్లని లెక్కపెట్టు, మావాళ్ళు ఎంతమందో నువ్వే చెప్పు" అని అతను, "లెక్కపెడదాం తమ్ముడూ, మా నాయన కూలికెళ్ళి నన్ను చదివించాడు, నీ సీటు నేనేమన్నా లాక్కున్నానా" అని ఈయన. గొంతులు లేచాయి గానీ ఒక్క మాట తూలలేదు, ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు వేసుకుంటూనే వాదించుకున్నారు. మధ్యలో ఇంకో పెద్దమనిషి, ఆ రెండు కులాల్లో దేనికీ చెందనాయన, "ఇక్కడ క్యాస్ట్ టాపిక్స్ ఎందుకండీ, బాగోదు" అన్నారు, అంతే, ఇద్దరూ తలొంచుకుని తిని లేచిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాట్లాడుకునే ఇద్దరికీ లేని ఇబ్బంది ఆయనకెందుకు? ఆయన కాపాడింది వాళ్ళ మర్యాదనా, తన సుఖాన్నా?

అద్దె ఇళ్ళ దగ్గరా ఇదే తంతు, హైదరాబాద్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తే కులం ఏంటి అని చాలామంది ఓనర్లు అడగరు. మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, నాన్‌వెజ్ తింటారా అంటారు, అన్నీ చాలా మర్యాదగానే. రేపు ఫోన్ చేస్తామంటారు, చెయ్యరు, మనం చేస్తే వేరేవాళ్ళకి ఇచ్చేశామండీ అంటారు. మాట ఎత్తకుండానే పని మొత్తం జరిగిపోతుంది, దాని మీద గొడవ పెట్టుకోడానికి కూడా చేతిలో ఏమీ ఉండదు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణలో మూడు గ్రూపులకి (బాగా వెనకబడ్డ చిన్న కులాలు, మాదిగలున్న గ్రూపు, మాలలున్న గ్రూపు) వరుసగా 1, 9, 5 శాతం చొప్పున వర్గీకరణ అమల్లోకొచ్చింది, అదే నెలలో ఆంధ్రాలో 1, 6.5, 7.5 అని ఆర్డినెన్స్ తెచ్చారు. ఆంధ్రాలో ఆ ఒక్క శాతం రెల్లి, ఇంకా చిన్న చిన్న కులాలకి సరిపోతుందా అనేది వేరే చర్చ, అది కూడా పేర్లు పెట్టి జరగాల్సిందే. కానీ ఇదంతా గవర్నమెంటు సీట్లూ ఉద్యోగాల వరకే. మన పిల్లలు ఎక్కువమంది వెళ్ళేది ప్రైవేటు ఉద్యోగాలకి, అక్కడ ఏ కులం వాళ్ళు ఏ లెవెల్లో ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క ఎవరి దగ్గరా ఉండదు, అడిగితే మేం కులం చూడమండీ అంటారు. చూడకపోతే సంతోషమే, లెక్క తీసి చూపించమనండి.