చెక్కుల కబురు

ఇవాళ మా మండలంలో, ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కులు పంచారు. పక్కింటి అక్కకు తెలియలేదు. పత్తి ఏరడానికి పోయి పొద్దుగూకాక వచ్చింది. వచ్చీ రాగానే మా గేటు దగ్గర నిలబడి, "చెల్లే, రైతు వేదికల చెక్కులు ఇచ్చిన్రట గదా. ఎవ్వలు చెప్పలేదేందే?" అంది. కూతురి పెళ్లి వైశాఖంలో చేసింది. తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది. 1,00,116 రూపాయలంటే ఆమెకు చిన్న సంగతి కాదు.

చెప్పారా లేదా అని నేను ఎమ్మెల్యే గారి వాట్సాప్ గ్రూపు తీశాను. ఎవరిదో పుట్టినరోజు, దాని కింద పాతిక మంది శుభాకాంక్షలు. గుడిలో అర్చన. సీసీ రోడ్డుకు కొబ్బరికాయ. పరామర్శ. మళ్లీ ఇంకొకరి పుట్టినరోజు. "చెక్కు" అని కొట్టి వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఎందుకంటే ఆ కబురు అక్షరాల్లో లేదు, బొమ్మలో ఉంది. నిన్న రాత్రి పది దాటాక పెట్టారు. పైన వరసగా పెద్ద నాయకుల గుండ్రటి ఫొటోలు, సగం బొమ్మ నిండా చేతులు జోడించిన ఎమ్మెల్యే గారు, అడుగున ఎర్ర పట్టీ మీద పసుపు రంగులో ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది. రెండు వేళ్లతో పెద్దది చేస్తే గానీ నాకే చదవరాలేదు. పాసుబుక్కు తేవాలా, ఆధార్ జిరాక్స్ తేవాలా అన్న ముక్క అసలు లేనే లేదు.

అక్క దగ్గరున్నది బటన్ల ఫోను. ఆమె ఆ గ్రూపులో ఎట్లా ఉంటుంది?

మా ఊళ్లో సుంకరి తాత గుర్తొచ్చాడు. గ్రామసభ ఉన్నా, రేషన్ వచ్చినా, పశువుల డాక్టరు వస్తున్నా డప్పు పట్టుకుని తెల్లారకముందే బయల్దేరేవాడు. జనం చేలకు పోకముందే చెప్పాలి కదా. మా ఇంటి మూలమలుపు దగ్గర ఆగి డప్పు మీద దెబ్బ వేసేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి గడప మీద నిలబడేది, కుక్కలు మొరిగేవి. ఆయన ఎప్పుడూ ఒకే వరసలో చెప్పేవాడు: ఏ రోజు, ఎక్కడ, ఏం తెచ్చుకోవాలి. ఆ తర్వాతే, "సారు వస్తున్నడహో" అనేవాడు. పొద్దున దొరకనివాళ్ల కోసం దీపాలు పెట్టే వేళకు ఇంకోసారి తిరిగేవాడు. ఊరి చివరి వాడకు కూడా వెళ్లేవాడు. ఒకసారి జ్వరంతో కూడా వచ్చాడు, నాన్న అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. "నేను చెప్పకుంటే ముసలామెకు పింఛన్ పోతది దొరా" అన్నాడాయన, చాయ్ ఊదుకుంటూ. ఇప్పుడు ఆ పని ఎవరిది? 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థ తీసేశారు, 2023లో సుంకరి తాతలాంటి గ్రామ రెవెన్యూ సహాయకులను (వీఆర్ఏలను) వేరే వేరే శాఖలకు సర్దేశారు. కబురు మోసే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. ఆ ఖాళీలోకి ఈ గ్రూపులు వచ్చి కూర్చున్నాయి.

పథకాల సమాచారానికి ఎమ్మెల్యే గారు వేరే గ్రూపు పెట్టాలి, ఫొటోలు అందులో వేయకూడదు అని రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే అది సరి కాదనిపిస్తోంది. అసలు ఈ చెక్కు ఎమ్మెల్యే గారి చేతుల మీదుగానే ఎందుకు రావాలి? 2018 వానాకాలంలో రైతుబంధు కూడా చెక్కులుగానే ఇచ్చారు. ఆ యాసంగికే బ్యాంకు ఖాతాల్లో వేయడం మొదలైంది, నాన్న ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. అమ్మాయి తల్లికి ఇచ్చే డబ్బులు కూడా అట్లాగే వేయొచ్చు. చెక్కు మీద తేదీ పడ్డాక 3 నెలలే చెల్లుతుంది. సభ కుదిరేదాకా అది ఆఫీసు బీరువాలో ఉంటే గడువు కరిగిపోయేది ఆ తల్లికే. తేదీ చెప్పాల్సింది తహసీల్దార్ ఆఫీసు. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. జనం అడగకముందే ఆఫీసులే వివరాలు బయటపెట్టాలని దాని నాలుగో సెక్షనే చెబుతోంది. హక్కుగా రావాల్సిన కబురు నాయకుడి ఫోను నుంచి వస్తే, జనం దాన్ని ఆయన దయ అనుకుంటారు. నాకు బాధ అక్కడే.

ఫొటోల మీద కోపం కూడా అన్నింటి మీదా లేదు. వాళ్ల పుట్టింటి వైపు పెద్దాయన పోయారని అత్తయ్యకు తెలిసింది పరామర్శ ఫొటో చూసే. దశదిన కర్మకైనా అందుకున్నారు. చావు ఇంటికి మనిషి రావడం మా వైపు ఎంత పెద్ద మాటో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. కానీ నిమ్స్‌లో వైద్యానికి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సర్కారు కడుతుందనే హామీ కాగితం, ఇస్తూ తీసే ఫొటోలు చూడలేను. రోగం పేరు, ఊరి పేరు, ఎన్ని లక్షలో అంతా రాసి, ఆ కాగితం మనిషి చేతిలో పెట్టి కెమెరా వైపు చూడమంటారు. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లు అవి.

మరి ఎమ్మెల్యే మాకు చెప్పాల్సింది ఏమిటి? అసెంబ్లీలో ఉన్న 119 మందిలో మా తరఫున కూర్చునేది ఆయన ఒక్కరే. సభ జరిగినప్పుడు ఏం ప్రశ్న వేశారు, మంత్రి ఏం జవాబిచ్చారు, నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏ ఊరికి ఎంత పోయింది, మా వాగు మీద వంతెన ఏ ఫైలులో ఆగింది. ఇవి ఆయన చెబితేనే తెలిసేవి. ఇవి రాస్తే రోజుకు పది మెసేజీలు వచ్చినా చదువుతాను, బడిలో పిల్లలకూ చదివి వినిపిస్తాను.

వంతెన సంగతి గ్రూపులోనే అడుగుదామని ఇందాక టైప్ చేయబోయాను. అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయడానికి వీల్లేదట. క్యాంపు ఆఫీసు నంబరు ఆ బొమ్మ మూలన ఉంది. రేపు ఇంటర్వెల్‌లో ఫోన్ చేస్తాను.