చేరెడు అనుములకు రెండు చేరెళ్లు

లింగంపల్లిలో ఎక్కితే జహీరాబాద్ బస్సులో సీటు దొరకదని మా పక్కింటావిడ చెప్పింది, నేనే వినలేదు. జీరో టికెట్ చేతిలో పెట్టుకుని సదాశివపేట దాకా నిలబడే వెళ్లాను. ఛార్జీ మిగిలిందన్న సంబరం కాస్తా కోహీర్ క్రాస్‌రోడ్డు దగ్గర జామకాయలకు పోయింది. కిలో 100! అక్కడ కాసే కాయ అక్కడే 100 అయితే కూకట్‌పల్లి బండివాణ్ణి ఇన్నాళ్లూ తిట్టుకోవడం దేనికో. జహీరాబాద్‌లో దిగాక పస్తాపూర్‌కి ఆటో 150 అన్నాడు. బేరం ఆడే ఓపిక కూడా లేదు.

వెళ్లింది పాత పంటల జాతరకి. ఆ చుట్టుపక్కల దళిత మహిళల సంఘాలతో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి ఊరూరా నడిపే జాతర అది. అలంకరించిన ఎడ్లబండ్లు, బుట్టల్లో విత్తనాలు, డప్పులు, పాటలు, ఉపన్యాసాలు. బాగానే ఉంది. కాళ్లు పీకుతుంటే ఉపన్యాసాలు సగమే విన్నాను.

మర్నాడు పొద్దున ఒక అవ్వ తన చేనుకి తీసుకెళ్లింది. జొన్న, శనగ, అవిసె ఒకే చేలో కలిసి ఉన్నాయి. గట్టు పొడవునా కుసుమ, ముళ్లకి భయపడి పశువులు లోపలికి రావట. బోరు లేదు, కాలవ లేదు.

"ఇవి సత్యం పంటలు బిడ్డా. మంచుకే పండుతయి" అంది. వానాకాలం పోయాక నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసే మంచు, అంతే వాటికి.

శనగ మొక్కల్లో చేయి పెట్టి నాలిక్కి రాసుకోమంది. ఆకుల నూగు మీద సన్నటి బొట్లు మెరుస్తున్నాయి. వేళ్లు తడిశాయి. నాకితే పుల్లగా, కాస్త ఉప్పగా, చింతపండులో ఉప్పు కలిపి నాకినట్టే ఉంది. యాభై ఏళ్లొచ్చాయి, శనగపప్పు వేయని కూర వండటం రాదు నాకు, దాని ఆకు రుచి ఇప్పుడే తెలిసింది.

"నువ్వేం పండిస్తవ్ ఇంటికాడ?"

గొప్పగానే చెప్పాను. మిద్దెతోట, నలభై గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, ఎర్రమట్టి, మొత్తం 14,000 అయిందని.

"మన్ను గూడ కొన్నవా?" అని ఒక్క క్షణం నన్నే చూసి, పక్క చేనులోకి కేకేసింది. "ఓ వదినా, ఈమె మన్ను కొన్నదంట!"

ముగ్గురు ఆడవాళ్లు నడుం పట్టుకుని మరీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. విత్తనం సంగతి అడిగింది. హైబ్రిడ్ టమాటా, ప్యాకెట్ 60.

"మల్లేడాదికి?"

"మళ్లీ కొంటాం."

ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బజారు కూరగాయలు మానేశానని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నేను చేసిందల్లా కూరగాయల కొట్టు మానేసి నర్సరీకి ఖాతా మార్చుకోవడం.

మా అమ్మమ్మ మట్టి కొన్నట్టు ఎరగను. వాళ్ల ఊరు కొల్లూరులో స్నానాల నీళ్లు అరటికి, గిన్నెలు కడిగిన నీళ్లు చేమకి పోయేవి. పాక మీదికెక్కిన బీరపాదుకి ఒక్క కాయ మాత్రం కోయనిచ్చేది కాదు. అది ముదిరి ఎండితే వంటింట్లో పొయ్యి పైన వేలాడేది. గింజలు రాల్చాక పీచుతో మా వీపులు తోమేది. మంటకి ఏడ్చేవాళ్లం. ఆ పీచే గుర్తుంది నాకు, గింజలు ఏమయ్యాయో ఎప్పుడూ అడగలేదు.

అవ్వ ఇంట్లో జొన్నరొట్టె, శనగాకు కూర పెట్టింది. వానాకాలంలో విత్తకుండానే మొలిచే దొగ్గలి కూర, జొన్నచెంచలి కోసుకుంటే ఆకుకూర కొనే పనే ఉండదట. "మందు కొట్టిన చేన్ల అవి రావు" అంది. అయితే కళ్లు మూసుకుని రాయను. ఉప్పు, చాయ్‌పత్తి కొన్నవే. మూల రేషన్ బియ్యం సంచీ ఉంది. విత్తనం మాత్రం కొన్నది కాదు. వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి, మూతికి మట్టీ పేడా మెత్తి దాచింది.

వచ్చేటప్పుడు ఒక బుట్ట తెరిచి చేరెడు అనుములు నా కొంగులో పోసింది. డబ్బు తీయబోతే చెయ్యి తోసేసింది.

"వచ్చే జాతరకు రెండు చేరెళ్లు తేవాలె."

ఆ సంఘాల్లో విత్తనం అప్పు తీరేది అలాగేనట. తిరుగు బస్సులో సీటు దొరికింది, కొంగు ముడి గట్టిగా పట్టుకునే నిద్రపోయాను.

జూన్‌లో నాటాను. తీగ వాటర్ ట్యాంకు ఎక్కింది, పేనుబంక పట్టింది, బూడిద చల్లితే కొంత తగ్గింది. ఇప్పుడు డిసెంబరు. కాయకి మూడు నాలుగు గింజలు, రెండు చేరెళ్లకి వంద దాకా కాయలు ఎండాలి. ఇప్పటికి ముప్ఫై ఒకటి. నిన్న మా ఆయన కూరకని నాలుగు లేత కాయలు కోసుకొచ్చారు. ఆయనతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.