రెండు నేలలు కలిసే గుమ్మం

నేను పనిచేసే చోట ఒకే ఇంటికి టైల్స్ వేసే కాంట్రాక్టరు వేరు, లామినేట్ (చెక్కలా కనిపించే పలకల నేల) పరిచే కాంట్రాక్టరు వేరు. వంటగది, స్నానాలగది టైల్స్ వారివి. హాలు, పడకగదులు లామినేట్ వేసే మావి. ఈ రెండు నేలలూ కలిసే గుమ్మం ఎవరి వంతో ఒప్పందాల్లో స్పష్టంగా రాసి ఉండటం అరుదు. టైల్స్ వారు ముందుగా వచ్చి పని ముగించుకొని వెళ్లిపోతారు కనుక, అక్కడి ఎత్తుపల్లాలను సరిచేసే భారం చివర వచ్చిన మా మీద పడుతుంది. కాలికి అంచు తగిలినప్పుడు ఇంటివారు ముందుగా తలచుకునేదీ మమ్మల్నే. తన వాదన అక్కడి భాషలో పూర్తిగా చెప్పుకోలేని వలస కార్మికుడికి ఆ నింద మరీ తేలికగా అంటుకుంటుంది.

నిజానికి ఆ తేడా ఎంత రాబోతుందో పని మొదలుకాకముందే లెక్క కట్టవచ్చు. సాధారణంగా ఇళ్లలో వేసే టైల్ మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు, దాని కింద జిగురు మరో 3 నుంచి 5. చెక్క నేల మీద వేసేటట్లయితే, కదలికలకు టైల్స్ పగలకుండా 6 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు కూడా వేయడం మామూలే. లామినేట్ పలక 8, దాని కింది మెత్తని అండర్‌లే 2, మొత్తం 10. కాబట్టి కాంక్రీటు మీద తేడా 5 మిల్లీమీటర్లు దాటకపోవచ్చు గానీ, సిమెంటు బోర్డు వేసిన ఇంట్లో అది 10కి అటూఇటూగా ఉంటుంది.

తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే, రెండు నేలలు కలిసే గీతను కప్పడానికి టీ ఆకారపు పట్టీ సరిపోతుంది. అంతకు మించితే ఒక వైపు వాలుగా ఉండే పట్టీ కావాలి, ఆ పట్టీ ఎంత వెడల్పుంటే అంత మేలు. 10 మిల్లీమీటర్ల ఎత్తును 30 మిల్లీమీటర్ల వెడల్పులో దించితే అది చూడటానికి బాగానే ఉంటుంది గానీ, కాళ్లు ఈడుస్తూ నడిచే వృద్ధులకు అదొక మెట్టే. అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం బహిరంగ భవనాలకు పెట్టిన ప్రమాణాలు నిలువు అంచును 6.4 మిల్లీమీటర్ల వరకే ఒప్పుకుంటాయి, 12.7 వరకు అంచును ఏటవాలుగా చెక్కాలి, అదీ దాటితే ర్యాంపు కట్టాలి. సొంత ఇంటికి ఆ నియమం వర్తించకపోయినా, కొలతగా దాన్ని మనసులో పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎత్తు పెంచడానికి అండర్‌లేను రెండు పొరలుగా వేయమని అడిగేవారు చాలామంది. అలా వేస్తే అడుగు పడినప్పుడల్లా పలకలు కుంగి, ఒకదానిలో ఒకటి ఇమిడే కీళ్లు విరుగుతాయి. గది మొత్తాన్ని లేపడమే సరైన దారి: కాంక్రీటు మీదైతే నేలను సమం చేయడానికి పోసే లెవెలింగ్ కాంపౌండు, చెక్క నేల మీదైతే తగిన మందం గల ప్లైవుడ్. అప్పుడు తలుపు అడుగు కోయవలసి రావచ్చు. ఆ ఖర్చు సంగతి ఇంటివారికి ముందే చెప్పడం నయం.

ఇంటివారు ఇష్టపడని మరో విషయం, గుమ్మం దగ్గర మేము వదిలే ఖాళీ. లామినేట్ లోపల ఉండేది గట్టిగా అదిమిన చెక్క పీచు పలక; గాలిలో తేమ పెరిగితే అది సాగుతుంది. అందుకే టైల్‌కూ దానికీ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎడం వదిలి, పట్టీతో కప్పుతాము. ఆ ఎడాన్ని సిమెంటుతో నింపితే అప్పటికి ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది గానీ, వానాకాలం వచ్చేసరికి నేల గది మధ్యలో ఉబ్బి లేస్తుంది. పట్టీ స్క్రూలను కూడా పలకలోకి కాకుండా, ఆ ఎడం గుండా కింది నేలలోకే దించాలి. నేల కింద వేడినీటి గొట్టాలు ఉన్న ఇళ్లలో డ్రిల్లు ముట్టుకోకుండా, పట్టీ అడుగును జిగురుతోనే అతికిస్తాము.

ఇప్పుడు టైల్స్ పని మొదలుకాకముందే ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, రెండు నేలల తుది ఎత్తులూ ద్వారబంధం మీద పెన్సిలుతో గీసి, పక్కన అంకెలు వేసి వస్తున్నాను. టైల్స్ బృందంలోని వారూ నాలాగే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు. మా మధ్య మాటలు తక్కువైనా ఆ గీతతో పని జరిగిపోతుంది. కలిసే గీత మూసిన తలుపు కిందికి వచ్చేలా చూడమని కూడా వారికి గుర్తు పెడతాను, అప్పుడు ఏ గదిలో నిలబడినా పక్క గది నేల కనిపించదు. టైల్స్ అప్పటికే వేసేసిన ఇళ్లలో మాత్రం, పట్టీ ముక్కను గుమ్మంలో పెట్టి, ఇంట్లో పెద్దవారిని దాని మీదుగా అటూఇటూ నడవమని, వారు సరేనన్న తర్వాతే బిగిస్తాను.