చుక్కల ముగ్గును మ్యాటీ గుడ్డమీదికి ఎక్కించాలంటే

అమెరికాలో బడులకు పెద్ద సెలవులిచ్చేది జూన్‌లో. ఆంధ్రలో బడులు తెరిచేదీ అప్పుడే. అమెరికాలో పెరిగే మన పిల్లలు కోనసీమలో అమ్మమ్మ ఇంటికి చేరేసరికి వాళ్ల ఈడు పిల్లలంతా పొద్దున్నే బడికి పోతుంటారు. మధ్యాహ్నాలు వాన, అరుగు దిగడానికుండదు. ముగ్గుల సంగతీ అంతే. వీధి పొడవునా పెద్ద ముగ్గులు పడేది ధనుర్మాసంలో, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా. జూన్‌లో వాళ్లకు కనిపించేది వాకిట్లో నాలుగు గీతల రోజువారీ ముగ్గే. "అమ్మమ్మతో తెలుగులో మాట్లాడు" అని వెనకనుంచి తోస్తే ఏ పిల్లా నోరు విప్పదు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పని పెడితే మాట దానంతటదే వస్తుంది. ఆ పని క్రాస్ స్టిచ్ అయితే మరీ మంచిదని నా గట్టి నమ్మకం. ఆడపిల్లలకే అని అనుకోనక్కర్లేదు, లెక్క ఇష్టపడే మగపిల్లలు ఇందులో ఇట్టే కుదురుకుంటారు.

దీనికి బొమ్మలు గీయడం రానక్కర్లేదు. గళ్ల కాగితం చూసి, గళ్ల గుడ్డమీద గడికో ఇంటూ కుట్టడమే. పిక్సెల్ బొమ్మల ఆటలు ఆడే పిల్లలకు చూడగానే అర్థమవుతుంది, చుక్కలు లెక్కపెట్టి ముగ్గులేసిన అమ్మమ్మకూ అంతే. అంకెలు తెలుగులోనే చెప్పాలన్న ఒక్క నియమం పెట్టండి. "నాలుగు గళ్లు కుడికి, మూడు కిందికి. అయ్యో, ఒక గడి తప్పావు నాన్నా, విప్పెయ్." వరుస, పోగు, ముడి, ఎడమ, అంచు, ఇవన్నీ అవసరం కొద్దీ నోట్లో నానతాయి.

సామాను కొద్దిగానే కావాలి. ఐడా గుడ్డ 14 కౌంటు అంటే అంగుళానికి 14 గళ్లు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇది చాలు. దానికి 24 నంబరు మొండిమొన సూది, రెండు పోగుల దారం. ఇంకా చిన్నవాళ్లకు 11 కౌంటు గుడ్డ, 22 నంబరు సూది, మూడు పోగులు. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగుల పేట. యాంకర్, డీఎంసీ చుట్టల్లో 8 మీటర్లుంటుంది. అయితే ఒకరి రంగు నంబరుకూ ఇంకొకరి నంబరుకూ పొంతన ఉండదు కాబట్టి మొదలుపెట్టిన కంపెనీతోనే ముగించండి. ఐడా బదులు ఊళ్లో మ్యాటీ గుడ్డ (ఇదీ గళ్ల నేత గుడ్డే) కొంటే ముందు స్కేలు పెట్టి నిలువునా అడ్డంగా పదేసి గళ్లు కొలవండి. రెండు కొలతలూ కలవకపోతే గుండ్రటి ముగ్గు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది.

ఇప్పుడు ముగ్గు. మొదటిసారికి ఎదురు చుక్కల (చుక్క కింద చుక్క వచ్చే) మెలిక ముగ్గు తీసుకోండి: మధ్యలో 7, అటూ ఇటూ 5, 3, 1. మొత్తం 25 చుక్కలు. చుక్కకు ఒక్క ఇంటూ సరిపోతుందనిపిస్తుంది, కానీ అక్కడే తేడా వస్తుంది. ఇంటూ పడేది గడి మధ్యలో, గీత నడిచేది గడి మూలల్లోని రంధ్రాల మీద. దాంతో గీతలన్నీ అరగడి పక్కకు జరిగినట్టుంటాయి. అందుకే చుక్కకు రెండు గళ్లు అడ్డం, రెండు గళ్లు నిలువు, మొత్తం నాలుగు ఇంటూలు వేయాలి. అప్పుడు చుక్క నడిబొడ్డు సరిగ్గా ఒక రంధ్రంమీద పడుతుంది. ఇరవై అయిదు చుక్కలకు వంద ఇంటూలు.

చుక్కకూ చుక్కకూ నడుమ, మధ్య రంధ్రం నుంచి మధ్య రంధ్రానికి, 6 గళ్లు ఉంచండి. సరిసంఖ్యే ఉండాలి, ఎందుకంటే మెలిక గీతలు ఒకదాన్నొకటి దాటేది రెండు చుక్కల సరిగ్గా నడిమధ్యలో. 7 పెడితే ఆ నడిమధ్య రంధ్రంమీద పడదు. ఏడు చుక్కల మధ్య ఆరు సందులు, అంటే 36 గళ్లు. చివరి మలుపులకు అటు 3, ఇటు 3. మొత్తం 42 గళ్లు, 14 కౌంటు మీద సరిగ్గా 3 అంగుళాలు. చుట్టూ 3 అంగుళాల చొప్పున వదిలి 9 అంగుళాల చదరపు ముక్క కత్తిరించుకోవాలి.

గీతలకు బ్యాక్ స్టిచ్, అంటే ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి దించి, సందు లేకుండా గీతలా వేసే కుట్టు. ఎదురు చుక్కల్లో మెలిక గడి మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా సాగుతుంది కాబట్టి గుడ్డమీద నున్నగా వస్తుంది. మలుపు దగ్గర మొనదాకా పోకుండా ఒక గడి ముందే ఆగి, రెండు గళ్ల పొడవున అడ్డకుట్టు వేస్తే గుండ్రంగా కనిపిస్తుంది. సందు చుక్కల ముగ్గులో వరుస వరుసకూ చుక్కలు సగం సందు జరుగుతాయి. 6 గళ్ల సందుకు 3 గళ్లు జరిపి, వరుసల మధ్య దూరం 5కి తగ్గించాలి. గీతలు మాత్రం మెట్లుమెట్లుగానే వస్తాయి. దాన్ని రెండో ఏటికి ఉంచండి. జాజురంగు గుడ్డమీద తెల్లదారంతో కుడితే అచ్చం ముగ్గే. ముదురు గుడ్డలో రంధ్రాలు కనబడకపోతే ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుంటే చాలు.

మొదలుపెట్టేటప్పుడు ముడి వేయకూడదు, పైకి బొడిపెలా తేలుతుంది. రెండు పోగుల కుట్టుకైతే ఒక్క పోగును 36 అంగుళాలు కత్తిరించి మధ్యకు మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించాలి. వెనకనుంచి పైకి తెచ్చి, మొదటి సగం కుట్టు వేసి, సూది వెనక్కి వెళ్లగానే అక్కడున్న మడత ఉచ్చులోంచి దూర్చి లాగితే బిగుసుకుంటుంది. చివర్లో వెనక నాలుగైదు కుట్ల కిందనుంచి దూర్చి కత్తిరించాలి.

ఇద్దరు ఒకే గుడ్డమీద కుడుతున్నప్పుడు ఎక్కువగా చెడేది ఇంటూ దిశ. పై గీత అన్నింటికీ ఒకే వైపు వాలాలి, లేకపోతే వెలుగు పడినప్పుడు కొన్ని గళ్లు వేరే రంగులా మెరుస్తాయి. ఎదురెదురుగా కూర్చుని గుడ్డను తలకిందులు చేసుకుంటే నష్టం లేదు. పక్కకు తిప్పితే వాలు మారిపోతుంది. పై అంచున ఒక రంగు దారం ముక్క కట్టి ఉంచితే ఈ గొడవ రాదు. లెక్క తప్పకుండా పదేసి గళ్లకొక లేతరంగు దారం పొడవు కుట్లుగా వేసుకోండి, కుట్టేటప్పుడు సూది దాన్ని పొడవకూడదు, పొడిస్తే చివర్లో ఊడిరాదు.

పేరు కుట్టాలంటే తెలుగు అక్షరాలకు తయారు చార్టు బయట దేశాల్లో దొరకడం కష్టం. గళ్ల కాగితంమీద గీసుకోవాలి. అక్షరానికి 12 గళ్ల ఎత్తు, గుడికి పైన 3, ఒత్తుకు కింద 7 వదలండి. ఇంతకంటే చిన్నగా వేస్తే లోపలి చుక్క పట్టక థ కాస్తా ధ అయి కూర్చుంటుంది.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. రాత్రి సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, సబ్బుకు పోదు. గుడ్డను బిగించే రింగు వాడితే దాన్ని కూడా తీసెయ్యాలి. తలకు కొబ్బరినూనె రాశాక చేతులు కడుక్కోకుండా గుడ్డ ముట్టుకోనివ్వకండి. అప్పుడు కనిపించని నూనె తర్వాత పసుపుపచ్చగా తేలుతుంది. పూర్తయ్యాక చన్నీళ్లలో జాడించాలి. ఎరుపు దారం రంగు వదిలితే నీరు తేటపడేదాకా మారుస్తూ ఉండాలి, మధ్యలో ఆరనివ్వకూడదు. తువ్వాలుమీద బోర్లా వేసి ఇస్త్రీ చేస్తే కుట్టు అణగదు.

అమ్మమ్మది నరసాపురం వైపైతే క్రోషా లేసు చేతిలో ఉండే ఉంటుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. గళ్ల అల్లికకు కూడా ఇదే కాగితం పనికొస్తుంది: ఖాళీ గడికి రెండు చెయిన్లు, నిండు గడికి ఆ చెయిన్ల చోట రెండు నిలువు కుట్లు. పిల్ల కుట్టిన ముగ్గు చుట్టూ అంచు ఆమె అల్లవచ్చు. అల్లిన లేసును ఒకసారి తడిపి ఆరబెట్టాకే గుడ్డకు కుట్టాలి. లేకపోతే మొదటి ఉతుక్కే నూలు ముడుచుకుని అంచులు కుచ్చుళ్లు పడతాయి.

సెలవుల్లో పని తెమలకపోతే చార్టుకు ఇంకో కాపీ తీసి అమ్మమ్మ దగ్గర ఉంచండి. రెండింటికీ పై అంచున, ఎడమ అంచున ఒకే అంకెలు వేసి, రంగు నంబర్లు రాయండి. వీడియో కాల్‌లో "ఇరవై మూడో వరుస, పద్నాలుగో గడి" అంటే రెండు వైపులా వేలు ఒకే చోట పడుతుంది.